బెరడు మీది ఇంటిపేరు

బిర్యానీ మసాలాలో వేసే రాతిపువ్వు మనందరికీ తెలిసిందే. పేరుకు పువ్వే గాని అది పువ్వు కాదు. రాయి మీదే పెరగాలనీ లేదు, చెట్ల బెరళ్ళ మీదా పెరుగుతుంది. ఒక శిలీంధ్రం, దాని పొరల మధ్య ఎండతో ఆహారం తయారుచేసే శైవలం, రెండూ కలిసి చేసే కాపురం అది. శాస్త్రజ్ఞులు దాన్ని లైకెన్ అంటారు. కాపురం అన్నమాట కావాలనే వాడాను. ఎందుకంటే లైకెన్ల చరిత్ర రాసినవాళ్ళు కూడా ఇల్లు, పెళ్ళి, యజమాని, బానిస అన్న మాటలు లేకుండా దాన్ని రాయలేకపోయారు.

నేను వృక్షశాస్త్రం చదువుకున్నదాన్ని కాదు, సాహిత్యంలో పరిశోధన చేసినదాన్ని. ఒక రూపకం ఎక్కడ పుట్టింది, ఎవరికి పనికొచ్చింది అని వెతకడం నాకు అలవాటు. లైకెన్లకు పేర్లు పెట్టిన చరిత్రను ఆ దృష్టితోనే చదివాను.

1753లో లిన్నేయస్ ఈ జీవులన్నిటినీ లైకెన్ అనే ఒకే ప్రజాతిలో పడేశాడు. నున్నటి బెరడు మీద, ఎవరో తెలియని లిపిలో నల్లగా రాసి వదిలేసినట్టుండే ఒకదానికి 'లైకెన్ స్క్రిప్టస్' అని పేరుపెట్టాడు. రాత ఉన్న లైకెన్ అని అర్థం. ఆయన శిష్యుడు ఎరిక్ అకారియస్ ఆ ఒక్క ప్రజాతినీ అనేక ప్రజాతులుగా విడదీసి, 1809లో దీన్ని 'గ్రాఫిస్ స్క్రిప్టా'గా మార్చాడు. ఇలా మార్చినప్పుడు మొదట పేరు పెట్టినవారిని బ్రాకెట్లో, మార్చినవారిని దాని పక్కన రాయాలి. పాత పేరు ఆనవాలు అలా మిగులుతుంది. పెళ్ళయ్యాక మారిపోయే మన ఇంటిపేర్లకు ఆ బ్రాకెట్ భాగ్యం కూడా లేదు.

అప్పటికి లైకెన్‌ను ఒకే జీవి అనుకునేవారు. 1860ల చివర స్విస్ శాస్త్రజ్ఞుడు సైమన్ ష్వెండెనర్ అందులో రెండు జీవులున్నాయన్నాడు. ఆ సంగతి చెప్పడానికి ఆయన ఎంచుకున్న పోలిక చూడండి: శిలీంధ్రం యజమాని, శైవలాలు దాని బానిసలు. 1874లో జేమ్స్ క్రోంబీ అనే స్కాటిష్ మతాచార్యుడు, లైకెన్ల నిపుణుడు, ఈ సిద్ధాంతాన్ని వెక్కిరిస్తూ ఆ పోలికను పెళ్ళిదాకా లాగాడు. బందీ అయిన శైవల కన్యకీ, నిరంకుశుడైన శిలీంధ్ర ప్రభువుకీ అసహజమైన పెళ్ళి కట్టే సంచలన ప్రేమకథ ఇది అన్నాడు. సూక్ష్మదర్శినిలో ఎవరికీ కన్య కనపడలేదు, ప్రభువూ కనపడలేదు. అయినా బలవంతుడు ఎవరు, బందీ ఎవరు అన్న ప్రశ్న రాగానే ఆడా మగా పాత్రలు వాటంతటవే వచ్చి నిలబడ్డాయి. సిద్ధాంతం చెప్పినవాడూ, దాన్ని కాదన్నవాడూ కథ తెచ్చుకున్నది మాత్రం ఒకే రకం ఇంటి నుంచి.

క్రోంబీ బ్రిటిష్ లైకెన్ల మీద రాసిన ఉద్గ్రంథం మొదటి భాగం 1894లో వచ్చింది. రెండో భాగం పూర్తికాకుండానే 1906లో ఆయన పోయాడు. దాన్ని పూర్తిచేసి 1911లో వెలువరించినది ఒక స్త్రీ, యానీ లోరైన్ స్మిత్ (1854-1937). ఆమె బ్రిటిష్ మ్యూజియంలో మొదట చేసిన పని ఆంటన్ డి బారీ సేకరించిన శిలీంధ్రాల సూక్ష్మదర్శిని స్లైడ్లను సిద్ధం చేయడం. యజమాని, బానిసల గొడవ లేకుండా, వేర్వేరు జీవుల సహజీవనానికి 'సింబయాసిస్' అన్నమాటను శాస్త్రంలో స్థిరపరచిన డి బారీయే ఆయన. ఆడవాళ్ళను అధికారికంగా ఉద్యోగంలోకి తీసుకునే వీలు లేనందున స్మిత్‌కు ప్రత్యేక నిధి నుంచి డబ్బిచ్చేవారు. నాలుగు దశాబ్దాలు అక్కడ పనిచేసింది. క్రోంబీ వెక్కిరించిన ఆ రెండు జీవుల సిద్ధాంతాన్నే అంగీకరిస్తూ 1921లో 'లైకెన్స్' అనే పుస్తకం రాసింది. ఆమె పేరు పెట్టిన జాతుల పక్కన ఎ.ఎల్.ఎస్ఎం. అని ఉంటుంది. ఆ పొట్టి అక్షరాల్లో ఒక స్త్రీ ఉందని చెబితే తప్ప తెలియదు.

రెండు జీవులని ఒప్పుకున్నాక మరో చిక్కు వచ్చింది. లైకెన్‌కు పెట్టిన పేరు ఎవరిది? 1950ల తొలినాళ్ళలో అంతర్జాతీయ నామకరణ నియమావళి దీన్ని తేల్చేసింది. ఆ పేరు శిలీంధ్రానికే చెందుతుంది, శైవలానికి వేరే పేరుంటుంది. అంటే గ్రాఫిస్ స్క్రిప్టా అన్నప్పుడు మనం పిలుస్తున్నది శిలీంధ్రాన్ని. అందరికీ తిండి సమకూర్చే శైవలం ఆ పేరులో లేదు. వర్గీకరణ గందరగోళం లేకుండా సాగాలంటే ఏదో ఒక నియమం కావాలి, నిజమే. ఇంటిపేరు గురించి మనకు చెప్పేదీ ఆ సౌకర్యం మాటే కదా! సౌకర్యం ఎవరిది అని అడగడం మాత్రం మన వంతు.

ఉత్తర అమెరికా పడమటి అడవుల్లో చెట్ల కొమ్మలకు వెంట్రుకల్లా వేలాడే బ్రయోరియా లైకెన్లు రెండున్నాయి. గోధుమరంగుది తినొచ్చు. అక్కడి ఆదివాసులు తరతరాలుగా గుంతపొయ్యిల్లో వండుకున్నారు. సెక్వెపెమ్క్ భాషలో దాన్ని 'విలా' అంటారు. పసుపుపచ్చది విషం. పరీక్షిస్తే రెండింటిలోనూ శిలీంధ్రం ఒకటే, శైవలమూ ఒకటే. మరి తేడా ఎక్కడుంది? 2016లో టోబీ స్ప్రిబిల్ బృందం పైపొరలో మూడో జీవిని, ఒక రకం ఈస్ట్‌ను చూపించింది. పసుపుపచ్చదాంట్లో అది ఎక్కువగా ఉంది. అన్ని లైకెన్లలోనూ ఇది ఉంటుందా, దాని పని ఏమిటి అన్న చర్చ సాగుతూనే ఉంది. కానీ ఇద్దరి కథగా దాదాపు నూట యాభై ఏళ్ళు చెప్పుకున్నదానిలో మరొకరు ఉన్నారని తేలింది.

శైవలం ఆడది, శిలీంధ్రం మగది అని నేనూ వాదించబోవడం లేదు. అలా చేస్తే క్రోంబీ కథనే తిరగేసి చెప్పినట్టవుతుంది. మనింటి నుంచి పోలికలు బెరడు మీదికి వెళ్ళాయి. అక్కణ్నుంచి 'ప్రకృతిలోనే అలా ఉంది' అన్న రుజువుగా తిరిగి మనింటికి రాకుండా చూడటమే మనం చేయాల్సిన పని. ఎవరి శ్రమ ఏ పేరు కింద నడుస్తోందో పుస్తకాల్లో, పరిశోధనల్లో, ఇళ్ళల్లో విడదీసి చూడటం కూడా వర్గీకరణే. స్మిత్ నలభై ఏళ్ళు చేసిన పనిలాగే దానికీ ఓపిక కావాలి.