వేలిముద్ర పడని రోజు: రెండు రాష్ట్రాల అనుభవం

బండ కొట్టే చేతికి వేలిగీతలు అరిగిపోతాయి. ఆ వేలిని యంత్రం గుర్తించకపోతే కూలి డబ్బు ఇవ్వాలా, ఆపాలా? ఈ చిన్న ప్రశ్నకు ప్రభుత్వం ఇచ్చుకున్న జవాబు ఎందుకు ముఖ్యమో రెండు పరిశోధనలు చూపుతున్నాయి. రెండింటినీ చేసినవారు కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్.

మొదటిది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ స్మార్ట్‌కార్డులది. అంతకుముందు ఉపాధి హామీ కూలి ఎక్కువగా పోస్టాఫీసుల్లో అందేది. స్మార్ట్‌కార్డుల కొత్త పద్ధతిలో ఊళ్లోనే వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. డబ్బు పంచే మనిషి ఆ ఊరి మహిళే అయ్యుండాలి, గ్రామాధికారులకు బంధువు కాకూడదు అన్నది నిబంధన. 8 జిల్లాల్లోని 157 మండలాల్లో ఎక్కడ ముందు, ఎక్కడ తర్వాత అన్నది లాటరీ పద్ధతిన తేల్చారు. అందుకే ఈ రెండు రకాల మండలాల పోలికకు బలముంది.

రెండేళ్లకు చెల్లింపుల్లో దాదాపు సగమే కొత్త దారికి మళ్లాయి. అయినా కూలి తెచ్చుకోవడానికి పట్టే సమయం సుమారు 20 శాతం తగ్గింది. సర్కారు లెక్కల్లోని మొత్తానికీ, కూలీలు తమకు ముట్టిందని చెప్పినదానికీ మధ్య తేడా సుమారు 41 శాతం తగ్గింది. సమయం మాత్రం కార్డు లేనివారికీ కలిసొచ్చింది. అంటే ఆ మేలు వేలిముద్రది కాదు, చెల్లింపు ఊళ్లోకి రావడానిది. కార్డు లేదన్న కారణంతో ఎవరి కూలినీ ఆపకపోవడం ఇక్కడ గమనించాల్సిన సంగతి.

రెండోది జార్ఖండ్ రేషన్ దుకాణాలది. అక్కడ ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి చేశారు. సగటున లీకేజీ తగ్గలేదు, కార్డుదారులకు తిప్పలు మాత్రం పెరిగాయి. అప్పటికి ఆధార్ అనుసంధానం కాని సుమారు 23 శాతం మందికి అందే సరుకుల విలువ 10 శాతం మేర పడిపోయింది. 2017లో యంత్రం లెక్క ప్రకారం డీలరు దగ్గర మిగలాల్సిన నిల్వను కొత్త కోటాలో కోయడం మొదలయ్యాక లీకేజీ తగ్గింది. కానీ ఆ కోతలో కొంత కార్డుదారుల సంచి మీదే పడింది.

ఈ రెండింటినీ నేరుగా తూచలేం. ఒకటి నగదు, ఒకటి ధాన్యం. కాలమూ వేరు, యంత్రాంగమూ వేరు. కార్డు లేనివారికి చెల్లించడం వల్లే ఆంధ్రలో మేలు జరిగిందని ఈ ఆధారాలతో తేల్చలేం. చెప్పగలిగిందల్లా ఒకటే: దొంగను పట్టేందుకు బిగించిన నియమం అర్హుణ్ణీ ఆపగలదు, ఎంతమందిని ఆపుతుందో ముందే కొలవాలి. కాబట్టి యంత్రం కొనే జీవోలోనే వేలిముద్ర పడకపోతే ఆ రోజు ఏం చేయాలో, ఎవరు సంతకం పెట్టి ఇవ్వాలో కూడా రాసి ఉండాలి.