స్ప్రే నావలో వంట

2018 మే 21వ తేదీన భారత నౌకాదళమునకు చెందిన 'తారిణి' యను తెరచాప నావ ఆరుగురు మహిళాధికారులతో భూప్రదక్షిణము ముగించుకొని గోవా చేరెను. వారిలో విశాఖపట్టణపు పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్య మన తెలుగు ఆడపడుచులు. 254 దినముల ఆ యాత్రను గూర్చి పత్రికలు కెరటములను, గాలివానలను ఘనముగా వర్ణించినవి. అయినను ఇల్లు నడపువారికి ముందుగా కలుగు సందేహము వేరు: నిలువ తావులేని ఆ నావలో పొయ్యి యెక్కడ, వంట యెట్లు? నావపై ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన మొదటి మానవుడు ఈ సందేహమునకు తన గ్రంథములో విపులముగనే సమాధానము చెప్పియున్నాడు.

అతడు జాషువా స్లోకమ్. నోవాస్కోషియాలో పుట్టి, అమెరికా పౌరుడై, పెద్ద పెద్ద తెరచాప ఓడలకు కప్తానుగా నుండెను. ఆవిరి ఓడలు వచ్చి ఆ వృత్తి క్షీణించిన పిమ్మట, ఒడ్డున పడియున్న యొక పాత నావను పదమూడు నెలలు శ్రమించి స్వహస్తములతో పునర్నిర్మించెను. దాని పేరు 'స్ప్రే'. పొడవు 36 అడుగుల 9 అంగుళములు. 1895 ఏప్రిల్ 24న బోస్టను నుండి బయలుదేరెను. పెద్ద ఓడలో వంటవాడు వేరు, వంటగది వేరు. ఇచ్చట కప్తాను, కలాసీ, వంటవాడు అన్నియు నతడే. కావున భోజనమును గూర్చి నావలో తగవు వచ్చు నవకాశమే లేకపోయెను!

తొలుత స్ప్రేలో పొయ్యి యనదగినది లేదు. రెండు వత్తుల దీపమే రాత్రి వెలుగిచ్చెడిది. చిన్న యుపాయముతో పగలు దానిపైననే వంట సాగెడిది. పొయ్యియే లేనిచోట రొట్టె కాల్చు ఓవెను మాట చెప్పనేల? యార్మతులో వెన్న, ఒక పీపా బంగాళాదుంపలు, ఆరు పీపాల నీరు ఎక్కించుకొని అట్లాంటికులో ప్రవేశించెను.

వండుకొనుటకు బద్ధకించి చేతికందినది తినిన నేమగునో అజోర్సు ద్వీపములు దాటగనే తెలిసివచ్చెను. అచ్చట లభించిన ప్లమ్ము పండ్లను, తెల్లని జున్నును కలిపి కడుపార తినెను. కడుపునొప్పితో గదిలో నేలపై పడి స్పృహ తప్పెను. వెలుపల గాలివాన. మెలకువ వచ్చిచూడగా చుక్కాని యొద్ద అపరిచితు డొకడు నిలిచి, తాను కొలంబసు నావలలో నొకటియగు 'పింటా' నడిపినవాడనని చెప్పినట్లు తోచెనట! అది జ్వరభ్రాంతి. మరునాడు చూడగా నావ తొంబది మైళ్లు సరియైన దిక్కుననే సాగియుండెను. మిగిలిన పండ్లు సముద్రము పాలయ్యెను.

1895 డిసెంబరులో మాంటెవిడియో రేవున నావను మరమ్మతు చేసినవారు అతనికొక పొయ్యిని గూడ సమకూర్చిరి. అది యొక పెద్ద ఇనుప పీపా; గాలి యాడుటకు చుట్టును చిల్లులు, పొగ పోవుటకు పైకప్పు మీదుగా గొట్టము, రాగి బందులపై తిరుగు చిన్న తలుపు. పచ్చి కట్టెలనైనను అది మింగివేసెడిది. దక్షిణ అమెరికా కొసన, ఎముకలు కొరుకు చలిలో, తడిసిన యొంటికి ఆ పొయ్యియే ప్రాణాధారమయ్యెను.

మెజెల్లన్ జలసంధిలో పగిలిన ఓడ యొకదాని నుండి కొట్టుకొనివచ్చిన పశువుల కొవ్వు పీపాలు అతని కంటబడెను. ఎంతో శ్రమించి వానిని నావలోని కెక్కించెను. 1896 ఏప్రిలులో జువాన్ ఫెర్నాండెజు ద్వీపము చేరినపుడు ఆ కొవ్వులో డోనట్లు వేచి, కాఫీతో కలిపి, నావయొద్దకు వచ్చిన ద్వీపవాసులకు పెట్టెను. డోనట్లనగా గారెలవలె కాగిన నూనెలో వేయు తీపి వంటకము. కొవ్వు వాసన మనవారికి సహింపకపోవచ్చును గాని వారికి మిక్కిలి రుచించెను. వంట నేర్పి, కొవ్వును విక్రయింపగా, మునిగిన ఓడ నుండి తీసిన పురాతన నాణెములు కొన్ని అతని చేతికి వచ్చెను.

ఇంత నేర్పరి వర్తకుడును అచ్చటనే మోసపోయెను. విత్తనము మార్చుకొందునని చెప్పి ఒకడు స్ప్రేలోని మంచి బంగాళాదుంపలను తీసికొని, తన క్రొత్త దుంపల నిచ్చెను. నడిసముద్రమున చూడగా అవి పసుపు చారలతో తినరాకుండెను. ఆకలి ముదిరిన రుచించునేమో యని బస్తా మూట గట్టి యుంచెను. మూడు వారముల పిమ్మట విప్పగా దుంపలకు మారుగా రెక్కల పురుగులు గుంపులుగా లేచెను! బస్తాను సముద్రములో పారవైచెను. సమోవా చేరుటకు పట్టినవి డెబ్బదిరెండు దినములు. త్రోవలో కొన నంగడి లేదు.

అయినను పస్తులుండలేదు. ఉప్పుచేప, కాఫీ, టీ, పంచదార, గోధుమపిండి సమృద్ధిగా నుండెను. వారమునకు రెండు మూడు పర్యాయములు బిస్కట్లు చేసికొనెడివాడు. అవి మన యంగళ్లలోని కరకరలాడు బిళ్లలు గావు, పొంగజేసిన మెత్తని రొట్టెలు. రాత్రివేళ ఎగురుచేపలు తామే వచ్చి నావపై పడెడివి. ఉదయ మేరుకొనుటయే పని. చుక్కాని బిగించినచో స్ప్రే తన త్రోవన తాను పోయెడిది. ఆ గుణమే లేకున్న ఒంటరివానికి పిండి కలుపుటకైనను చేతులు ఖాళీ యుండెడివి కావు.

సెంట్ హెలీనాలో అతనికొక మేకను బహూకరించిరి. అది పాలిచ్చుటకు మారుగా వెస్టిండీసు సముద్రపటమును నమలివేసెను. అసెన్షను ద్వీపమున దానిని దింపివేసెను.

1898 జూన్ 27న, నలుబదియారువేల మైళ్లు తిరిగి, స్లోకమ్ న్యూపోర్టు చేరెను. బోస్టను విడిచిననాటికంటె ఒక పౌను బరువు హెచ్చితినని అతడు వ్రాసికొనెను.