కత్తెర వృథా చెయ్యని అంగీ

మధ్యయుగపు యూరప్ అనగానే మనకి సినిమాలు రెండే బట్టలు చూపిస్తాయి. రాజుగారి ఒంటిమీద మఖమలు, రైతు ఒంటిమీద గోనెసంచి. మఖమలు సంగతి సరే, గోనెసంచి మాత్రం కల్పనే. రాజుల బట్టలు కొన్ని చర్చిల ఖజానాల్లో దాగి మిగిలాయి. మామూలు మనుషులవి చిరిగేదాకా తొడిగి, ఆపైన మసిగుడ్డలైపోయాయి. మిగిలిన కాసిన్నీ చావు పుణ్యమా అని మిగిలినవే.

1921లో డెన్మార్క్ పురావస్తు శాస్త్రవేత్త పౌల్ నోర్లుండ్ గ్రీన్‌లాండ్ దక్షిణ కొసన హెర్యోల్ఫ్స్‌నెస్ అనే చోట పాత శ్మశానాన్ని తవ్వాడు. సముద్రం అప్పటికే దాన్ని కోసుకు తినేస్తోంది. చెట్లు లేని ఆ దేశంలో శవపేటికకి చెక్క దొరకడమే కష్టం. అందుకని చాలామందిని వాడిన బట్టల్లోనే చుట్టి పాతిపెట్టారు. గడ్డకట్టిన నేల ఆ ఉన్ని అంగీల్ని, టోపీల్ని, మేజోళ్ళని వందల ఏళ్ళు కాపాడింది. 1936లో స్వీడన్‌లోని బోక్‌స్టెన్ బురదనేలలో పధ్నాలుగో శతాబ్దపు మనిషి ఒకడు బయటపడ్డాడు. అతను హత్యకి గురైనవాడు. ఒంటిమీద అంగీ, పైవస్త్రం, పొడుగు తోక ఉన్న తలముసుగు అలాగే ఉన్నాయి. వాటిని ఇప్పటికీ వార్‌బెర్గ్ మ్యూజియంలో చూడొచ్చు.

ఈ అంగీల్లో విశేషమల్లా కోతలో ఉంది. ఒంటికి నిలువు ముక్కలు, కిందివైపు ఘేరు రావడానికి మధ్యలో దూర్చిన త్రికోణాలు. ఆ పద్ధతిలోనే, కాస్త సులువు చేసి, ఇంట్లో ఒకటి కుట్టుకోవచ్చు. 44 అంగుళాల పన్నా ఉన్న గుడ్డ రెండున్నర గజాలు, అంటే 90 అంగుళాలు తీసుకోండి. నిలువునా సగానికి చీల్చండి. ఒక సగాన్ని భుజాల దగ్గర మడిస్తే ముందూ వెనకా వచ్చేస్తాయి, మెడకి కన్నం తియ్యడమే మిగులుతుంది. ఛాతీ 38 అంగుళాల లోపువాళ్ళకి సరిపోతుంది. రెండో సగంలో 22 అంగుళాల చదరాలు రెండు కోస్తే చేతులు. మిగిలిన 46 అంగుళాల్ని 23 పొడవు, 11 వెడల్పు గల నాలుగు ముక్కలు చేసి, ఒక్కోదాన్ని ఐమూలగా కోసి, నిలువు అంచులు కలిపి కుడితే నాలుగు పెద్ద త్రికోణాలు. రెండు పక్కలకి రెండు. ముందూ వెనకా నడిమి నుంచి కిందికి చీల్చి, అక్కడ చెరొకటి. చేతుల్ని మణికట్టు వైపు సన్నం చేసినప్పుడు పడిన ముక్కల్లోంచి నాలుగంగుళాల చదరాలు తీసి చంకల్లో వేస్తే చెయ్యి హాయిగా పైకి లేస్తుంది.

ఆఖర్న బల్లమీద ఏం మిగిలిందో చూడండి. గుప్పెడు పీలికలు, అంతే.

దీని వెనకున్నది పేదరికం ఒక్కటే కాదు, లెక్క. గ్రీన్‌లాండ్‌లో ఆ ఉన్నిని కదురు మీద వడికారు. పడుగు దారాలకి రాళ్ళు వేలాడదీసిన నిలువు మగ్గం మీద నేశారు. నేతకంటే వడకడానికే ఎక్కువ కాలం పట్టేది. ఆ పని దాదాపు అంతా ఆడవాళ్ళదే. అంతసేపు వడికిన చేతులకి గుండ్రంగా కోసి మూలలు పారెయ్యడం మనస్కరిస్తుందా? అందుకే గీతలు చాలావరకు తిన్నగా ఉంటాయి. పాతకాలపు మన లాల్చీలోనూ ఇదే లెక్క: నిలువు ముక్కలు, పక్కల్లో త్రికోణాలు, చంకలో చదరం. ఎవరు ఎవర్ని చూసి నేర్చుకున్నారని వెతకనక్కర్లేదు. దారం విలువ తెలిసిన ఏ ఊళ్ళోనైనా కత్తెర ఇలాగే నడుస్తుంది.

కుట్టి చూస్తే ఇంకోటి తెలుస్తుంది. త్రికోణం కొస దగ్గర గుడ్డ ముడతలు పడి మొండికేస్తుంది. అక్కడ కుట్లు చిన్నవి, దగ్గర దగ్గరగా పడాలి. హెర్యోల్ఫ్స్‌నెస్ బట్టల మీద అంత సన్నటి చేతికుట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. అవి వేసినవాళ్ళ పేర్లు ఏ చరిత్ర గ్రంథంలోనూ లేవు. వాళ్ళు ఎంత నేర్పరులో చెప్పడానికి మాత్రం ఆ కుట్లు చాలు.