యాక్సోలాటిల్ పెంపకం: అండమాన్ వేడిలో నీటి నాణ్యతే కీలకం

మెక్సికోలోని సోచిమిల్కో సరస్సుకు చెందిన ఉభయచరం యాక్సోలాటిల్. దీనికి 16 నుంచి 18 డిగ్రీల సెల్సియస్ చల్లని నీరు అవసరం. అండమాన్ రాజధాని శ్రీ విజయపురం (పోర్ట్ బ్లెయిర్)లో పగటి ఉష్ణోగ్రత ఏడాది పొడవునా 30 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అందువల్ల అక్వేరియం నీటిని చల్లబరిచే యంత్రం తప్పనిసరి.

నీరు తేటగా కనిపించినంత మాత్రాన సురక్షితం కాదు. విసర్జితాల నుంచి వెలువడే అమ్మోనియాను ఫిల్టర్‌లోని బ్యాక్టీరియా నైట్రైట్‌గా, అనంతరం నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ బ్యాక్టీరియా స్థిరపడేందుకు సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అప్పటివరకు జీవిని తొట్టిలో వదలరాదు. పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ సున్నాగా ఉండాలి. నీరు వేడెక్కేకొద్దీ అమ్మోనియా విషప్రభావం పెరుగుతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది. వారానికోసారి ఐదో వంతు నీటిని తీసివేసి, క్లోరిన్ తొలగించిన చల్లని నీటిని నింపాలి.