లెగ్‌హార్న్ పెట్ట పిల్లల్ని ఎందుకు లేపదు?

పెరట్లోకి తెల్ల లెగ్‌హార్న్ కోళ్లు తెచ్చుకుందామనుకునేవాళ్లు ముందు దాని చరిత్ర కాస్త తెలుసుకోండి. అది తెలిస్తే ఏం కొనాలో, ఎలా సాకాలో సగం తెలిసిపోయినట్టే.

ఇటలీ దేశంలో టస్కనీ అనే ప్రాంతం ఉంది. అక్కడి రేవు పట్నం లివోర్నో. ఇంగ్లీషువాళ్ల నోట్లో ఆ పేరు లెగ్‌హార్న్ అయింది. అంటే ఇది ఆ ప్రాంతపు పల్లెల్లో తిరిగిన నాటుకోడే. 1800ల తొలి సగంలో ఓడలెక్కి అమెరికా చేరింది, 1870 ప్రాంతంలో ఇంగ్లండుకు పోయింది. ఒళ్లు చిన్నది, పెట్ట రెండు కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. తినేది తక్కువ, పెట్టే గుడ్లు ఎక్కువ. పొదగడానికి కూర్చునే బుద్ధి మాత్రం మొదటి నుంచీ తక్కువే.

పల్లెటూరి ఇంట్లో అది లోపమే. కానీ 1879లో కాలిఫోర్నియాలోని పెటలూమా ఊళ్లో లైమన్ బైస్ అనే ఆయన ఇంక్యుబేటర్ చేశాడు. పిల్లల్ని లేపే పని మెషీన్ చేతికి పోయింది. పొదిగే పెట్ట అన్నాళ్లూ గుడ్డు పెట్టదు కదా, కాబట్టి పొదగని కోడికే గిరాకీ పెరిగింది. తెల్ల లెగ్‌హార్న్‌లతో ఆ ఊరు ‘ప్రపంచపు గుడ్ల బుట్ట’ అని పేరు తెచ్చుకుంది. మన లేయర్ షెడ్లలో బోనుల్లో కనిపించే తెల్ల కోళ్లు ఈ సంతతివే.

తర్వాత మగపిల్లల వంతు వచ్చింది. ఒకరోజు పిల్ల ఆడదో మగదో చూసి చెప్పే పద్ధతిని జపాన్ శాస్త్రవేత్తలు 1927లో కెనడాలో జరిగిన ప్రపంచ కోళ్ల సభలో చూపించారు. ఇక గుడ్లు పెట్టని, మాంసం రాని మగపిల్ల ఎవరికీ అక్కర్లేకపోయింది. మన ఊళ్లలో రంగులద్ది చవకగా అమ్మే పిల్లలు చాలావరకు ఇలా వద్దనుకున్న లేయర్ మగపిల్లలే. గుడ్ల కోసమని అవి కొనకండి.

మన దేశంలో దీన్ని పల్లెకు తెచ్చినవాళ్లూ ఉన్నారు. 1920లలో అప్పటి తిరువాన్కూరులోని మార్తాండంలో వై.ఎం.సి.ఎ. తరఫున స్పెన్సర్ హాచ్ పల్లెవాళ్లకు లెగ్‌హార్న్‌లను పరిచయం చేశాడు. గుడ్లు కలిసి అమ్ముకునే సంఘం కూడా పెట్టించాడు.

ఇక మన పెరడు సంగతి. మూడు నాలుగు నెలల ఆడ పెట్టల్ని, టీకాలు వేసినవాటినే కొనండి. కొక్కెర తెగులు టీకా ఎప్పుడెప్పుడు వేశారో అడగండి, మళ్లీ ఎప్పుడు వేయాలో పశువుల డాక్టర్ని కనుక్కోండి. ఏడాదికి రెండు వందల యాభై పైన గుడ్లు రావాలంటే పెంట మీద ఏరుకున్నది చాలదు. లేయర్ దాణా, ఆల్చిప్పల పొడి వేయాల్సిందే. తెల్ల ఈకలు గద్దకు దూరం నుంచే కనపడతాయి, కాబట్టి దాక్కోవడానికి పొదలు, పందిరి నీడ ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యం, నాటు పెట్టలు రెండైనా తీసేయకండి. లెగ్‌హార్న్‌కు ఏడాదిన్నర దాటాక గుడ్లు తగ్గుతాయి, దాని పిల్లల్ని అది లేపదు. పుంజు ఉంటే ఆ గుడ్లను నాటు పెట్ట కింద పెట్టి పొదిగించండి. లేకపోతే ప్రతిసారీ పిల్లలకు డబ్బులు పట్టుకుని హేచరీకి పోవాల్సిందే.