ఒకే పారాచూట్‌కు ఇద్దరు: ఎడారి స్కైడైవింగ్ చరిత్ర

పారాచూట్‌తో దూకడం రెండు శతాబ్దాలు దాటిన విద్య. 1797 అక్టోబరు 22న ఆంద్రే జాక్ గార్నెరిన్ పారిస్‌లో బెలూన్ నుంచి దూకి ప్రాణాలతో దిగాడు. 1890లో కలకత్తాలో రామచంద్ర ఛటర్జీ కూడా బెలూన్ నుంచే దూకాడు. ఏ శిక్షణా లేని మనిషి నిపుణుడి ఒంటికి కట్టుకొని దూకే టాండెమ్ పద్ధతి మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది.

దానికి ముందు పారాచూట్ రూపమే మారాల్సి వచ్చింది. గొడుగులా గుండ్రంగా ఉండే పాత పారాచూట్ గాలి ఎటు తోస్తే అటు పోయేది. 1964లో అమెరికాలో డొమినా జాల్బెర్ట్ రూపొందించిన పారాచూట్ అరల్లోకి గాలి నింపుకొని రెక్కలా తేలుతుంది, తాళ్లతో మళ్లుతుంది, మెత్తగా నేల తాకుతుంది. ఇద్దరి బరువును క్షేమంగా దించగలిగింది ఇదే.

1983 ప్రాంతంలో ఫ్లోరిడాలో టెడ్ స్ట్రాంగ్, బిల్ బూత్ టాండెమ్ పరికరాలను తయారు చేశారు. అసలు చిక్కు వేగం. ఇద్దరు కలిసి పడితే గంటకు సుమారు 290 కిలోమీటర్ల వేగం వస్తుంది. ఆ వేగంలో పెద్ద పారాచూట్ తెరుచుకుంటే గుడ్డ చిరగవచ్చు, మనుషులకు గాయాలు కావచ్చు. అందుకే దూకిన కొద్ది క్షణాలకే డ్రోగ్ అనే చిన్న పారాచూట్‌ను వెనక వదులుతారు. వేగం 200 కిలోమీటర్లకు దిగుతుంది. టాండెమ్‌ను సామాన్యుడికి అందుబాటులోకి తెచ్చిన ఘనతలో పెద్ద వాటా ఈ చిన్న గుడ్డదే. ఒక పారాచూట్ సామగ్రి ఒక్కరికే అన్న అమెరికా నిబంధన నుంచి 1984లో ప్రయోగాత్మకంగా మినహాయింపు దొరికింది. 2001లో టాండెమ్ నిబంధనల్లోనే చోటు సంపాదించింది. శిక్షకుడికి మూడేళ్ల అనుభవం, కనీసం 500 దూకుళ్లు ఉండాలని ఆ నిబంధనలు చెబుతాయి.

ఎడారులు ఈ క్రీడకు త్వరలోనే నెలవులయ్యాయి. మబ్బు పట్టని రోజులు ఎక్కువ, దిగడానికి చెట్లూ తీగలూ లేని నేల విశాలం. అరిజోనాలోని ఎలాయ్, నమీబియాలో ఇసుక తిన్నెలు సముద్రాన్ని తాకే స్వకోప్‌ముండ్, దుబాయ్ ఎడారి అలాంటివే. మూడు, నాలుగు కిలోమీటర్ల ఎత్తున దూకినవారికి నిమిషం లోపు స్వేచ్ఛాపతనం, ఆపై కొన్ని నిమిషాల తేలిక పయనం దక్కుతాయి.

ఎండ వల్ల కష్టాలూ ఉన్నాయి. వేడికి గాలి పలచబడి విమానం మెల్లగా ఎక్కుతుంది, పారాచూట్ వేగంగా దిగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం కైరుప్పల, ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల చేలల్లో దుమ్ము లేపే సుడిగాలి ఎలా పుడుతుందో, ఎడారిలోనూ అలాగే పుడుతుంది. నేలకు దగ్గరలో అది తగిలితే తెరుచుకున్న పారాచూట్ కూడా ముడుచుకుపోతుంది. అందుకే ఎండ ఎక్కువైన వేళ దూకుళ్లు ఆపి, ఉదయాన్నే మొదలుపెడతారు.

తెలుగునేల మీద ఈ విద్యను జనం ఎక్కువగా చూసేది విశాఖ ఆర్కే బీచ్‌లో. నౌకాదళ దినోత్సవ విన్యాసాల్లో మార్కోస్ కమాండోలు అక్కడ ఆకాశం నుంచి దిగుతారు. డబ్బు చెల్లించి టాండెమ్ దూకాలనుకునేవారికి దేశంలో హర్యానాలోని నార్నౌల్ వంటి చోట్లు ఉన్నాయి. రాజస్థాన్ సరిహద్దుకు ఆనుకొని ఉన్న మెట్టప్రాంతం అది. గల్ఫ్‌లో పనిచేసే తెలుగువారికి మాత్రం దుబాయ్ ఎడారే దగ్గర.