ఎద్దుకు సోమవారం, వాడకు ఆదివారం

ఆదోని, ఎమ్మిగనూరు పక్క పాతకాలం రైతును కదిలిస్తే, సోమవారం ఎద్దు మెడ మీద కాడి పెట్టకూడదంటాడు. అది బసవన్న వారం. బళ్లారి గాలి సోకిన ఊళ్లలో ఈ పట్టింపు గట్టిది. అమావాస్యకు కూడా కాడి ఎత్తరు. అదే ఊళ్లో వెట్టి చేసే మాదిగకు, కబుర్లు మోసే మాలకు అలాంటి వారం ఒకటి ఉండేది కాదు. కపిల బావికి తోలుబొక్కెన కుట్టాలి. చచ్చిన గొడ్డును ఊరవతలికి ఈడ్చాలి. జాతరకు తప్పెట కొట్టాలి. అధికారి మకాం వేస్తే మూటలు ఎత్తాలి. ఇంత చాకిరీకి కల్లంలో మేర కింద నాలుగు గింజలు. కొలిచినంత ఒడిలో పోసుకోవడమే, బేరం లేదు.

మన పల్లెల్లోకి ప్రొటెస్టెంటు మతం రావడం గురించి మాట్లాడేవాళ్లు ఎవరు మారారు, ఎందుకు మారారు అన్న దగ్గరే ఆగిపోతారు. నాకు మాత్రం అందులో అన్నిటికన్నా ఆసక్తిగా తోచేది ఆదివారం.

యూరప్‌లో ఈ ఆదివారం కథ వేరుగా నడిచింది. 1517లో విటెన్‌బర్గ్‌లో లూథర్ తగువు మొదలుపెట్టేనాటికి అక్కడి పంచాంగం నిండా పునీతుల పండుగలే. ఊరికో పునీతుడు, వృత్తికో పునీతుడు, వాళ్ల పేర్ల మీద సెలవులు, తిరునాళ్లు, యాత్రలు. ప్రొటెస్టెంట్లు గెలిచిన చోటల్లా వాటిలో చాలా వాటిని కొట్టేశారు. ఆదివారాన్ని బిగించారు. అంటే పనివాడికి పనిదినాలు పెరిగాయి. ఇంటి లోపల కూడా మార్పు వచ్చింది. మాజీ సన్యాసి లూథర్ 1525లో మాజీ సన్యాసిని కాథరీనాను పెళ్లాడాడు. గురువు సంసారి కావచ్చని, పిల్లల మధ్య కూర్చుని ప్రార్థన చేయవచ్చని లోకం చూసింది. 1529లో ఆయన రాసిన చిన్న ప్రశ్నోత్తరి ఇంటి పెద్ద చేతికి వచ్చింది. పిల్లలకూ పనివాళ్లకూ దాన్ని నేర్పడం ఇంటి పెద్ద బాధ్యత అయింది.

ఆ ప్రశ్నోత్తరి రెండు వందల ఏళ్ల తర్వాత తెలుగులోకి వచ్చింది. మద్రాసులో తెలుగు నేర్చుకున్న బెంజమిన్ షుల్జ్ జర్మనీ తిరిగి వెళ్లి, హాలె పట్టణంలో 1746 ప్రాంతంలో దాన్ని తెలుగు అక్షరాల్లో అచ్చు వేయించాడు. తెలుగు అచ్చు పుస్తకాల చరిత్ర అక్కడ మొదలవుతుంది. కొని చదివేవాళ్లు మాత్రం ఇక్కడ దాదాపు లేరు. చదువు నేర్చినవాళ్లకు ఆ మతం అక్కర్లేదు, ఆ మతంలోకి రాబోయేవాళ్లను ఇంకా ఎవరూ బడి అరుగు ఎక్కనివ్వలేదు.

మన ప్రాంతం 1800లో నిజాం చేతి నుంచి కంపెనీ చేతికి దత్తమండలంగా వచ్చింది. 1810లో లండన్ మిషన్ తరఫున జాన్ హ్యాండ్స్ బళ్లారిలో దిగాడు. 1953 దాకా ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనే ఉంది కాబట్టి ఈ పక్కకు మిషన్ తొలి గాలి అటునుంచే వీచింది. కానీ హ్యాండ్స్ కృషి ఎక్కువగా కన్నడంలో సాగింది, 1831 నాటికి కన్నడ బైబిలు పూర్తయింది. తెలుగు పని విశాఖలో 1805లోనూ, కడపలో 1822లోనూ మొదలైంది. 1850లలో ముత్యాలపాడులో ఆంగ్లికన్లు, 1870లలో కర్నూలులో అమెరికన్ బాప్టిస్టులు వచ్చారు. పట్నాల్లో ఇంగ్లీషు బళ్లు పెడితే పెద్దకులాల పిల్లలు చదువుకుని ఉద్యోగాలకు పోయారు, మతం జోలికి రాలేదు. కదలిక వాడల నుంచి వచ్చింది. దాన్ని దొరలు ఊహించనే లేదు.

ఆ కదలికకు బాగా తెలిసిన పేరు యెర్రగుంట్ల పేరయ్య. ఒంగోలు పక్క తాళ్లకొండపాడు మాదిగ, తోళ్ల వ్యాపారి, అంతకుముందే యోగమార్గంలో గురువుల దగ్గర నడిచినవాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. తోళ్ల బేరానికి తిరిగిన దారుల్లోనే, బంధువుల ఇళ్లలోనే ఆయన మాట పాకింది. మరుసటి ఏడు జనవరి 1న ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఎనిమిది మందితో సంఘం కట్టాడు. చేరేవాళ్లకు చెప్పిన కట్టుబాట్లు మూడే: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు.

వినడానికి తేలిక. ఊరి లెక్కలో పెట్టి చూస్తే మూడూ మూడు సమ్మెలు. కోతల్లో ఆదివారం వస్తే రైతు ఆగడు. గొడ్డు చస్తే మాంసం, తోలు వాడకు పోవడం, ఆ తోలుతో బొక్కెనలు, చెప్పులు ఊరికి రావడం ఒకే గొలుసు. మాంసం వద్దన్నవాడు రేపు గొడ్డును లాగడానికైనా వస్తాడా అని రెడ్డికి అనుమానం. విగ్రహానికి మొక్కనివాడు జాతరలో తప్పెట కొట్టడు, తప్పెట లేకుంటే జాతర లేదు. అందుకే గొడవలు యేసు దేవుడా కాదా అన్న దాని మీద రాలేదు. తప్పెట మీద, ఆదివారం మీద వచ్చాయి. మేర ఆగింది, నీళ్లు ఆగాయి, దెబ్బలు పడ్డాయి. క్లౌ తన జ్ఞాపకాల్లో ఇలాంటి ఊళ్ల గురించి చాలాచోట్ల రాశాడు. జర్మనీ పనివాడి సెలవులను తగ్గించిన మతమే మన వెట్టివాడికి మొట్టమొదటి సెలవు ఇప్పించింది. చరిత్రలో ఇంత తిరకాసు అరుదు.

తర్వాత ధాత కరువు వచ్చింది. 1876 నుంచి 1878 దాకా మద్రాసు రాజధానిలో బళ్లారి, కర్నూలు జిల్లాలు ఘోరంగా దెబ్బతిన్నాయి. సర్కారు పంపిన రిచర్డ్ టెంపుల్ వచ్చి రోజుకు పౌను ధాన్యం చాలని కరువు పనుల కూలి కోశాడు. ఒంగోలు దగ్గర క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని తన వాళ్లకు పని చూపించాడు. గంజి కోసం మారారన్న మాట పడకూడదని కరువు నడిచినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. గంజి నిందను అది పూర్తిగా కడిగేయలేదు. అయితే కరువులో ఆదుకున్నవాడి పక్కకు చేరడం మన పల్లెల్లో ఏ కులానికీ కొత్త కాదు.

మా పడమటి పక్కకే చెందిన విషయం బసవి. బోయ, మాదిగ కుటుంబాల్లో కొడుకు లేకపోతే ఒక కూతుర్ని దేవుడికి వదిలేవాళ్లు. ఆమెకు పెళ్లి లేదు, కానీ పుట్టింట్లో కొడుకులా ఆస్తి హక్కు ఉండేది. ఫ్రెడ్ ఫాసెట్ అనే పోలీసు అధికారి బళ్లారి జిల్లా బసవుల గురించి ఆ రోజుల్లోనే వ్యాసం రాశాడు. మిషన్ వాళ్లకు ఇది పాపం, పరిష్కారం ఆడపిల్లకు బడి, క్రైస్తవ గుళ్లో పెళ్లి. ఆడదాన్ని ఊరి సొత్తు చేసే పద్ధతి పోవడం మంచిదే. కొడుకులా పంచుకునే హక్కు కూడా దాంతోపాటే పోయింది, దానికి బదులుగా ఆ గుడి ఏమీ ఇవ్వలేదు. చట్టం ద్వారా అంకితాలను ఆపడానికి మద్రాసు ప్రభుత్వానికి 1947 దాకా పట్టింది.

చదువు రాత్రిబడిలో దీపం ముందు వచ్చింది, అంతకన్నా ముందు పాటగా వచ్చింది. పురుషోత్తమ చౌదరి లాంటివాళ్లు కర్ణాటక రాగ తాళాల్లో కట్టిన క్రైస్తవ కీర్తనలు అక్షరం రానివాళ్ల నోళ్లకూ ఎక్కాయి. ముందు పాట నోటికి వచ్చేది, తర్వాత పుస్తకంలో ఆ పాట ఎక్కడుందో వేలు పెట్టి వెతుక్కునేవాళ్లు. పేర్లూ మారాయి: పెంటయ్య కొడుకు జీవరత్నం అయ్యాడు, పుల్లమ్మ కూతురు సువార్తమ్మ అయింది.

కులం మాత్రం పోలేదు. లండన్ మిషన్ సంఘాల్లో మాలలు ఎక్కువ, బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువ. రెండు వాడల మధ్య ఉన్న దూరమే రెండు మిషన్ల మధ్య దూరంగా కుదిరిపోయింది. 1947లో లండన్ మిషన్, ఆంగ్లికన్ సంఘాలు చాలావరకు దక్షిణ ఇండియా సంఘంగా కలిశాయి, బాప్టిస్టులు బయటే ఉండిపోయారు. క్రైస్తవం వద్దన్న తప్పెటను 1994లో మాదిగల దండోరా ఉద్యమం మళ్లీ భుజాన వేసుకుంది. ఆ ఊరేగింపుల్లో గుడికి పోయేవాళ్లూ కొట్టారు.

కపిల బావులకు ఇంజన్లు, తర్వాత మోటార్లు వచ్చాక తోలుబొక్కెన అవసరం పోయింది, వెట్టి చాలావరకు దానంతటదే సడలింది. కాగితాల చిక్కు మిగిలింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడు షెడ్యూల్డ్ కులం కిందికి రాడు. మన రాష్ట్రంలో అలా మారినవాళ్లకు బీసీ-సీ కింద ఉన్న రిజర్వేషన్ ఒక్క శాతం. అందుకే ఎన్నో ఇళ్లలో ఆదివారం గుళ్లో పిలిచే పేరు ఒకటి, తహసీల్దారు ఆఫీసులో కుల ధ్రువపత్రం మీద పేరు ఇంకొకటి.